కాఫీలో పొడి పాలెంత? నీటి పాలెంత?

తెల్లవారి లేచినది మొదలు మన గృహములలో తరచుగా వినవచ్చు మాట కాఫీ యనునదే. పప్పులో ఉప్పు తగ్గినను కొందరు ఊరకుందురేమో గాని, కాఫీ పలుచనైననాడు నోరు మెదపక త్రాగువారు అరుదు. "నిన్నటిది అమృతము, నేటిది కుడితి" అని పెద్దలు విసుగుకొందురు. నిన్నను నేడును ఆ పొడియే, ఆ పాలే, కలిపినదియు ఆ చేయియే. అయినను రుచి మారినది. ఈ మార్పునకు హస్తవాసి యని పేరు పెట్టి, కుదిరిననాడు మెచ్చుకొనుటయు, కుదురనినాడు ఇల్లాలిని తప్పుపట్టుటయు ఆచారమైపోయినది. కుదిరిననాడును ఆమెకు కారణము తెలియదు, కుదురనినాడును తెలియదు. తెలియని కారణమునకు మాట పడవలసి వచ్చుటకన్న కష్టమేమున్నది?

హస్తవాసి వైద్యునకుండునేమో, కాఫీకి మాత్రము లేదని మా దృఢాభిప్రాయము. పొడి యెంత, నీరెంత యను రెండు తూనికలు తెలిసిన యెడల ఏ చేయి కలిపినను కాఫీ యించుమించు ఒక్కతీరుననే యుండును. ఈ వ్యాసమున ఆ పాళ్ళను గూర్చియే వ్రాయదలచితిమి. తెలంగాణమున పెక్కు ఇండ్లలో తేనీటికే పెద్దపీట యని యెరుగుదుము. ఆ సోదరీమణులు ఈ నెలకు మమ్ము మన్నింతురు గాక.

సాధారణముగా మనము పొడిని చెంచాతో కొలుతుము. మనిషికొక చెంచా, ఫిల్టరుకొక చెంచా యని లెక్క. ఈ చెంచా యెంతటి మాయలాడియో తెలియవలెనన్న ఒకమారు త్రాసులో పెట్టి చూడవలెను. మా యింట ఒకే చెంచాతో, ఒకే డబ్బాలోని పొడిని, ఒకే దినమున పలుమారులు తీసి తూచితిమి. గోపురముగా తీసినప్పుడు 8 గ్రాములు, అంచునకు సరిగా గీసినప్పుడు 5 గ్రాములు తూగినది. నలుగురికి నాలుగు చెంచాలనుకొన్నచో ఒకనాడు 20 గ్రాములు, మరునాడు 32 గ్రాములు పడుచున్నవన్నమాట. మెత్తని పొడి యొక తీరున, బరకపొడి మరియొక తీరున చెంచాలో సర్దుకొనును. క్రొత్త డబ్బా తెరచిననాడు పొడి గుల్లగా నుండును. అడుగునకు వచ్చుసరికి అణగి బరువెక్కును.

నీటి సంగతి ఇంకను విచిత్రము. ఫిల్టరు పైగిన్నె నిండువరకు పోయుటయే చాలమంది అలవాటు. పొడి రెండు చెంచాలైనను ఆ నిండుగిన్నెయే, అయిదు చెంచాలైనను ఆ నిండుగిన్నెయే. అనగా నీటి పాలును నిర్ణయించునది ఇల్లాలు కాదు, ఆ గిన్నెను చేసిన కంచరి. పదుగురికి సరిపోవు పెద్ద ఫిల్టరులో ఇద్దరికి కాఫీ పెట్టినప్పుడు, పలుచని పొరగా పరచుకొనిన పొడిగుండ నీరు క్షణములో జారిపోవును. దిగినది రంగునీరు. అందుచేత పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు ఫిల్టరులుండుట దుబారా కాదని మేమనుకొందుము.

పాళ్ళు లెక్కించుట మనకు క్రొత్త విద్య కాదు. మూలికలోని సారమును నీటిలోనికి దింపు విధములు శార్ఙ్గధర సంహితలో వేరువేరుగా చెప్పబడినవి; ప్రతి విధమునకును వేరు పాళ్ళు కలవు. క్వాథమునకు ఒక పాలు మూలికకు 16 పాళ్ళ నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగులువరకు కాచవలెను. ఫాంటమునకు చూర్ణముపై నాలుగింతల వేడినీరు పోసి వడియగట్టవలెను. దానిని నిప్పుపై మరిగించుట లేదు. హిమమునకు ఆరింతల చన్నీటిలో రాత్రియెల్ల నాననిచ్చి ఉదయమున వడియగట్టవలెను. ఫిల్టరు కాఫీ ఈ మూటిలో దేనికి చెందును? అందరును డికాక్షను అందురు. ఆ ఇంగ్లీషు మాటకు కాచి దింపిన కషాయమని యర్థము. పేరు క్వాథము, పని ఫాంటము! ఈ పేరే పెక్కు వంటయిండ్లలో చేటు తెచ్చినది. పలుచనైన డికాక్షనును పొయ్యిమీద పెట్టి మరిగించి చిక్కబరచువారిని మేమెరుగుదుము. నీరు కొంత ఆవిరియై రంగు ముదురుట నిజమే. కాని సువాసన నిచ్చు పదార్థములు ఆ ఆవిరితో ఎగిరిపోవును. మిగులునది చేదు. ఫాంటము పలుచనైనదనిన, మొదటనే చూర్ణము తక్కువయో నీరెక్కువయో అయినదని యర్థము. దానికి మందు పొయ్యి కాదు, త్రాసు.

ఇక మేము పాటించు లెక్క. మనిషికి 10 గ్రాముల పొడి. దానికి ఆరింతలు, అనగా 60 గ్రాముల నీరు. నీటికి మిల్లీలీటరును గ్రామును ఒకటియే గనుక కొలపాత్ర లేనివారు నీటిని కూడ త్రాసులోనే తూచుకొనవచ్చును. పోసిన 60 లోను దిగునది 60 కాదు. కాఫీపొడి తన బరువునకు సుమారు రెండింతల నీటిని తనయందే పట్టియుంచుకొనును. 10 గ్రాముల పొడి 20 గ్రాముల నీటిని త్రాగివేయగా, క్రింది గిన్నెలోనికి వచ్చునది 40. దానికి రెండింతలు, 80 మిల్లీలీటర్ల కాగిన పాలు చేర్చినచో 120 మిల్లీలీటర్ల కాఫీ యగును. దబరా గ్లాసులో నురుగుతో సహా కంటికి నిండుగానే కనబడును. నలుగురికైన 40 గ్రాముల పొడి, 240 నీరు, దిగు డికాక్షను 160, పాలు 320. ఆరుగురికైన 60, 360, 240, 480. పది, అరువది, నలుబది, ఎనుబది యని ఒక్కమారు నోటికి వచ్చినచో, మిగిలినది రెండవ తరగతి పిల్ల చేయదగిన గుణకారమే.

పొడి త్రాగివేయు నీటిని లెక్కలో చేర్చకపోవుటవలననే పలువురకు డికాక్షను చాలక, ఆఖరి గ్లాసులకు నీరో పాలో అధికముగా పోయవలసి వచ్చుచున్నది. నలుగురికి 160 కావలెనని 160 మాత్రమే పోసినచో దిగునది 80. అక్కడినుండి ఇంటిలో అన్యాయము ప్రారంభమగును. ఆ సంగతి ముందు వ్రాయుదుము.

చిక్కని కాఫీ యందు మక్కువ గలవారు అయిదింతల నీటితోను, లేతగా త్రాగువారు ఏడింతలతోను పెట్టుకొనవచ్చును. కాని మార్చునప్పుడు నీటినో పొడినో ఒక్కదానిని మాత్రమే మార్చి, నాలుగు దినములు అట్లే త్రాగి చూడవలెను. రెండింటిని ఒక్కమారే మార్చినచో దేనివలన రుచి మారినదో బ్రహ్మకు కూడ తెలియదు.

పాలు లేని కాఫీ త్రాగు దేశములలో లీటరు నీటికి సుమారు 55 గ్రాముల పొడి చాలునని నిపుణులు నిర్ణయించిరి; అది ఒకటికి 18 పాళ్ళు. మన ఆరింతల లెక్క చూచి, ఇది చాల ఘాటని కొందరు చదువుకొన్న పిల్లలు మనతో వాదింతురు. డికాక్షను మాత్రమే చూచినచో నిజమే. పాలు కూడిన పిమ్మట మన గ్లాసులో 10 గ్రాముల పొడికి 120 మిల్లీలీటర్ల పానీయము, అనగా ఒకటికి 12 పాళ్ళు. పాలలోని మాంసకృత్తులు కాఫీలోని వగరును పట్టి అణచివేయును. పాలును పంచదారయు కలిసినప్పుడు నాలుకకు కాఫీ రుచి తెలియవలెనన్న పొడి కొంత అధికముగా నుండుటయే న్యాయము.

త్రాసును గూర్చి యొక మాట. బంగారము కొనునప్పుడు మిల్లిగ్రాముల వరకు నిలదీసి యడుగు మనము, నెల నెల కొను కాఫీపొడిని చెంచా దయకు వదలివేయుచున్నాము. 2024, 2025 సంవత్సరములలో ప్రపంచమంతట కాఫీగింజల ధరలు మిక్కుటముగా పెరిగినవి. 10 గ్రాముల లెక్కన కిలో పొడికి 100 గ్లాసులు. నలుగురు దినమునకు రెండుమారులు త్రాగు ఇంటికి నెలకు 2 కిలోల 400 గ్రాములు. ఇంతకు మించి ఖర్చగుచున్నచో పొడి యెక్కడికి పోవుచున్నదో లెక్క చూచుకొనవచ్చును. బ్యాటరీతో నడచు చిన్న త్రాసులు కొన్ని వందల రూపాయలకు దొరకుచున్నవి. అదియు వలదనుకొన్నచో, 100 గ్రాముల పొట్లము నొకదానిని తెచ్చి, ఏ చిన్న గిన్నెతోనైతే సరిగా పదిమార్లు గీసి తీసినప్పుడు పొట్లము ఖాళీ యగునో, ఆ గిన్నెను ఎంచుకొని డబ్బాలోనే ఉంచవలెను. పొడిరకము మార్చిననాడు మాత్రము ఆ పరీక్ష మరల చేయవలెను.

ఇప్పుడు రెండవ డికాక్షను మాట.

మొదటిమారు దిగిన పిమ్మట అదే పొడిపై మరల నీళ్ళు పోసి దించునది రెండవ డికాక్షను. ఇది ఎవరు త్రాగుదురు? మొదటిది మామగారికి, అత్తగారికి, ఇంటి యజమానికి, ఆఫీసునకు పోవు కుమారునకు, వచ్చిన చుట్టమునకు. రెండవది కోడలికి, పనిమనిషికి. ఇట్లు చేయుమని ఎవరును శాసించియుండరు. పెక్కు ఇండ్లలో పెద్దలు "నీకుంచుకొన్నావా, అమ్మా?" అని అడుగుదురు కూడ. "ఉన్నదత్తయ్యా" అని కోడలు బదులు చెప్పును. ఉన్న మాట నిజమే. ఎట్టిది యున్నదో అడిగినవారికి తెలియదు. లోపము మొదటి అంకెలోనే యున్నది. పొడి వేయునప్పుడు ఆమె ఇంటిలోని తలలను లెక్కించును. లెక్కించు తలను మాత్రము విడిచిపెట్టును.

ఆ రెండవ డికాక్షనులో ఏమున్నదో శాస్త్రజ్ఞులు చెప్పినది వినదగినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన ఎర్ల్ లాక్‌హార్ట్ 1950వ దశకమున ఈ విషయమై పరిశోధనలు నడిపెను. వేయించిన గింజలో నూటికి సుమారు 30 పాళ్ళు మాత్రమే నీటిలో కరుగును, మిగిలినది పిప్పి. ఆ 30 లోను 18 మొదలు 22 వరకు దిగినప్పుడే జనులకు రుచి నచ్చుచున్నదని ఆయన తేల్చెను. అంతకు తక్కువ దిగినచో కాఫీ పులుపుగా, పచ్చిగా నుండును. ఎక్కువ దిగినచో చేదును వగరును పైకి వచ్చును. ఏలనన అన్ని పదార్థములును ఒక్కమారు కరుగవు. పులుపును సువాసనయు ముందు దిగును, తీపి వాని వెంట దిగును, చేదు కట్టకడపట దిగును. కావున మొదటి నీరు మంచిని తీసికొనిపోయిన పిమ్మట, రెండవ నీటికి మిగులునది పలుచని చేదు. దానిలో పంచదార రెట్టింపు వేసినను అది కాఫీ కాజాలదు.

దీనినిబట్టి మరియొక భ్రమ తొలగుచున్నది. చిక్కదనము వేరు, చేదు వేరు. నీటికి సరిపడ పొడి వేసినచో చిక్కగా నుండియు చేదు లేక యుండును. పొడి తగ్గించి, ఆ తగ్గిన పొడినుండియే సారమంతయు పిండవలెనని నీరు మీద నీరు పోసినచో పలుచగా నుండియు చేదుగా నుండును. పొదుపునకని చేయు ఈ పని వలన మిగులునది పంచదార ఖర్చు.

కాబట్టి ఆరుగురు త్రాగు ఇంటిలో ఆరుగురికే, పనిమనిషితో ఏడుగురైన ఏడుగురికే, మొదటనే పొడి వేయవలెను. ఒక మనిషిని చేర్చుకొనుటకు అయ్యెడు ఖర్చు 10 గ్రాములు. పొడి నిజముగా తక్కువగా నున్నదా? 60 గ్రాములకు బదులు 50 మాత్రమే కలదా? అట్లయిన 300 నీరు పోసి, దిగిన 200 ను ఆరుగురికి సమముగా పంచుకొనవచ్చును. ఒక్కొక్కరికి 33 చొప్పున వచ్చును, పాలును ఆ మేరకు తగ్గించుకొన్నచో రుచి చెడదు, గ్లాసు చిన్నదగునంతే. అయిదుగురికి నిండుగ్లాసు, ఆరవ మనిషికి పిప్పినీరు అను పంపకము కంటె ఇది మేలు కాదా? అత్తగార్లయిన సోదరీమణులు ఈ పంక్తిని రెండుమారులు చదువ ప్రార్థన.

లెక్కపెట్టిన నీటినే రెండు దఫాలుగా పోయుట రెండవ డికాక్షను కాదని గుర్తింపవలెను. పైగిన్నె చిన్నదైనప్పుడు 360 ఒక్కమారు పట్టకపోవచ్చును. సగము పోసి, అది దిగుచుండగా మిగిలిన సగము పోసి, రెంటిని కలిపివేసినచో అంతయు మొదటిదే.

వేళగాని వేళ చుట్టములు వచ్చినప్పుడేమి చేయవలెనని అడుగుదురు. ఉన్న డికాక్షనుకు వేడినీరు కలుపుట మన అలవాటు. దాని ఫలము అందరికిని తెలిసినదే. ఉదయమున ఇద్దరికి సరిపడ అధికముగా దించి, మూతగల స్టీలు గిన్నెలో ఫ్రిజ్జునందుంచినచో సాయంకాలము వరకు పనికివచ్చును. దానిని మరల పొయ్యిమీద పెట్టరాదు. పాలను బాగుగా కాచి, చల్లని డికాక్షనుపై పోసినచో చాలును. మరునాటికి నిలువచేసినది మాత్రము, ఎంత చలువలో నుంచినను, మాకు పాతవాసన తోచును.

చికోరి మాట యెత్తక ఈ పాళ్ళు పూర్తి కావు. చికోరి కాఫీగింజ కాదు. ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడిచేసి కలుపుదురు. మన దేశమున గుజరాతునందును ఉత్తరప్రదేశమునందును పండించుచున్నారు. 1806లో నెపోలియను ఇంగ్లండుతోడి వర్తకమును నిషేధించినప్పుడు, కాఫీ దొరకని ఫ్రాన్సువారు దీనిని విరివిగా వాడిరి. చికోరి కాఫీకంటె సులభముగా నీటిలో కరుగును. అందుచేత డికాక్షను నల్లగా, చిక్కగా దిగును. కన్ను మోసపోవునది ఇక్కడనే. నలుపును చూచి ఘాటైన కాఫీ యనుకొందుము. నాలుకకు తగులునది కాల్చిన వేరు.

కలుపుడు పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదనియు, ఏది యెంత కలదో పొట్లముపై వ్రాయవలెననియు మన దేశమున ఆహార నియమము కలదు. ఆ అంకెను చదువకుండ కొనరాదు. 80 పాళ్ళ కాఫీ గల పొడిని 10 గ్రాములు వేసినచో అందు కాఫీ 8 గ్రాములు. 55 పాళ్ళదైనచో 5 1/2 గ్రాములే. కావున చవుకగా దొరకిన పొట్లమును 55 తో, ప్రియమైనదానిని 80 తో భాగించి ధరలను పోల్చిచూచినప్పుడే ఏది చవుకయో తేలును. కాఫీ పాలు తక్కువైనదని మరి నాలుగు గ్రాములు పొడి హెచ్చించినచో చికోరియు దానితో హెచ్చి చేదగును. కావున తక్కువరకపు పొడిని తూనికతో సరిదిద్దజాలము. నూటికి 20 వరకు చికోరి మాకు సమ్మతము. 30 దాటినది కాఫీ యనిపించుకొనదు. అయితే చికోరిలో కెఫీను లేదు. సాయంకాలము కాఫీ త్రాగినచో నిద్రపట్టని వృద్ధులకు దానినే గుణముగా వాడుకొని, వారి గ్లాసుకు మాత్రము చికోరి యెక్కువగల పొడిని వేరుగా దించి యిచ్చుట మంచి యుపాయము.

చికోరి లేని స్వచ్ఛమైన పొడిని కోరువారికి మన మన్యమునుండియే మంచి గింజలు వచ్చుచున్నవి. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో గిరిజన కుటుంబములు చెట్లనీడను దీనిని పెంచుచున్నారు. ఈ గింజలను లేతగా వేయించి అమ్మినప్పుడు, మన నల్లని కలుపుడు పొడికి అలవాటుపడినవారు "రంగు రాలేదు" అని పెదవి విరుతురు. వీనికి ఆరింతల నీరు చాల హెచ్చనిపించినచో అయిదింతలతో పెట్టి, పాలు కొంచెము తగ్గించి చూడవలెను. రంగుకొరకు పొడి గుమ్మరించుట వృథా.

పాళ్ళు సరిగా నున్నను కొన్ని విషయములు వానిని చెరుపగలవు. నీరు తెర్లి దింపిన అరనిమిషమునకు పోయవలెను. 90 మొదలు 96 డిగ్రీల వేడి యుండుట మేలు. గోరువెచ్చని నీటికి సారము దిగదు. పొడిని సమముగా పరచి, కాడగల చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మొదట పొడి తడియువరకు మాత్రమే కొంచెము నీరు చల్లి అరనిమిషమాగవలెను. క్రొత్తగా వేయించిన పొడియైన బుడగలు వచ్చును. గింజలోని బొగ్గుపులుసు వాయువు పోవుచున్నదన్నమాట. తరువాత మిగిలిన నీటిని చుట్టును పోసి మూత పెట్టవలెను. పొడి బొంబాయిరవ్వకంటె మెత్తగాను, గోధుమపిండికంటె బరకగాను ఉండవలెను. నలుగురి డికాక్షను దిగుటకు పదునైదు ఇరువది నిమిషములు పట్టుట సమంజసము. అయిదు నిమిషములలో జారినచో పొడి మరీ బరక, లేదా సరిగా అదుమలేదు. గంటయైనను దిగకున్న మరీ మెత్తన, లేదా గట్టిగా అదిమితిమి. గడియారమే ఇచట గురువు.

నీటి గుణమును చూడవలెను. సున్నపుపాలు హెచ్చుగాగల బోరునీటిలో కాఫీలోని సన్నని పులుపు చచ్చి రుచి మొద్దుబారును. యంత్రముతో లవణములన్నియు తీసివేసిన నీటిలో నేమో రుచి చప్పగా తోచును. మంచి త్రాగునీరు, కుండలోనిదైనను సరే, చాలును.

చక్షణకాఫీ, అనగా వేడిపాలలో కలిపిన వెంటనే కరుగు పొడి, గూర్చి వ్రాయుట కేమియు లేదు. దానికి పిప్పి లేదు, నీరు పట్టుకొనుట లేదు, గ్లాసుకు 2 గ్రాములు. దాని పాలు దానిని చేసినవారే నిర్ణయించినారు.

కాఫీ యెంత త్రాగవచ్చునను ప్రశ్నకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో వెలువరించిన సూచనలలో సమాధానము కలదు. దినమునకు కెఫీను 300 మిల్లిగ్రాములు మించరాదని వారు చెప్పిరి. దించిన కాఫీ 150 మిల్లీలీటర్లలో 80 మొదలు 120 మిల్లిగ్రాముల వరకు కెఫీను ఉండునని వారి లెక్క. కావున మన గ్లాసులు దినమునకు రెండైన భయము లేదు. గర్భవతులు ఇంకను తగ్గించుకొని వైద్యుల నడుగుట మంచిది. రొబస్టాగింజలో అరబికాకంటె ఇంచుమించు రెండింతలు కెఫీను ఉండును గనుక రొబస్టా యెక్కువగల పొడి వాడువారు ఆ జాగ్రత్త పాటింపవలెను.

ఆ సూచనలలోనే స్త్రీలకు ముఖ్యమైన మాట యింకొకటి యున్నది. భోజనమునకు గంట ముందు, గంట తరువాత కాఫీగాని తేనీరుగాని త్రాగరాదు. వానిలోని వగరు పదార్థములు అన్నములోని, ఆకుకూరలలోని ఇనుమును దేహమునకు పట్టనీయవు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6 అని తేలినది. ఉదయమున అందరికి పలహారము పెట్టి, పది గంటలకు తన పలహారమును, మిగిలిన కాఫీని ఒక్కమారే ముగించుకొనుట మన ఇల్లాండ్ర అలవాటు. మొదటి డికాక్షనులోనే తన గ్లాసును లెక్కించుకొన్న స్త్రీ ఉదయము ఆరింటికే అందరితో కూర్చుండి త్రాగివేయును. పలహారమునాటికి గంటలు గడచియుండును.

కడగుటను గూర్చి వ్రాసి ముగింతుము. పిప్పిని తూములో పోయరాదు, గొట్టము పూడును. చల్లార్చి, మట్టితో కలిపి పూలకుండీలలో వేయవచ్చును. ఒక్కచోటనే మందముగా పోసినచో పెచ్చుకట్టి నీటిని లోనికి పోనీయదు. ఇత్తడి ఫిల్టరు వాడువారు లోపలి కళాయి చెరుగగనే మరల పూయించుకొనవలెను. పైగిన్నె అడుగుచిల్లులలో కాఫీనూనెయు పొడియు చేరి గట్టిపడును. పదునైదు దినముల కొకమారు సోడాయుప్పు కలిపిన వేడినీటిలో అరగంట నానబెట్టి, పాత పండ్లబ్రష్షుతో రుద్ది, వెలుతురున కెత్తి చూడవలెను. అన్ని చిల్లులును చుక్కలవలె కనబడినచో సరి. సగమే కనబడినచో డికాక్షను దిగుట జాగగును, ఆ జాగులో చేదు హెచ్చును, మీ 10 గ్రాములును 60 గ్రాములును ఎంత సరిగా తూగినను.